గరుడదళం పేరుపిలుపు

అంగారదుర్గం పగటిపూట కూడా ఎర్రగానే ఉంటుంది. నల్లరాతి కొండను నిలువునా చెక్కి కట్టిన కోట అది. గోడల పగుళ్ళలో కెంపులు పొదిగారు. ఎండ పడితే అవి ఊదిన కుంపటిలా కణకణలాడతాయి. బురుజుల మీద పక్షి వాలదు. కందకంలో నీళ్ళకు బదులు పొగ పారుతుంది. సింహద్వారం మీద, రెండు తలుపులూ కలిసేచోట, మనిషంత కంచు బల్లి ఒకటి తలకిందులుగా అతుక్కుని ఉంటుంది.

లోకంలోని బల్లులు నిజం విన్నప్పుడు పలుకుతాయంటారు. మాంత్రికుడు భస్మనేత్రుడి బల్లి అబద్ధం విన్నప్పుడు పలుకుతుంది. అది పలికితే అబద్ధమాడినవాడు నిలుచున్నచోటనే బూడిదవుతాడు.

మిట్టమధ్యాహ్నం కావస్తుండగా ఆ ద్వారం ముందుకు ఒక బూడిద బండి వచ్చి ఆగింది. ఎద్దులు లేవు. ఇద్దరు మనుషులే కాడి మోస్తున్నారు. ఇద్దరికీ తల నుంచి కాలి దాకా బూడిద. పొడుగువాడు మేఘశిల రాజ్యపు సైనికుడు కొమ్మన. పొట్టివాడు అతని తోటి భటుడు చిట్టెన.

"బావా, మా అమ్మ ఇప్పుడు నన్ను చూసిందంటే అన్నం పెట్టదు. పిండం పెట్టేస్తుంది," అన్నాడు చిట్టెన గొంతు తగ్గించి.

"ఊరుకో. ఇక్కడ అబద్ధం ఆడకూడదు."

"నేనెప్పుడైనా ఆడానా?"

కంచు బల్లి ఒక కన్ను తెరిచింది. చిట్టెన గభాలున నోరు మూసుకున్నాడు.

బోడితల కావలివాడు ఈటె ఊపుకుంటూ వచ్చాడు. "ఎవర్రా మీరు?"

"బూడిద తెచ్చాం," అన్నాడు కొమ్మన.

"అది కనిపిస్తూనే ఉంది. ఎప్పుడూ వచ్చే ముసలాడేడీ?"

"కల్లు తాగి దారిలో చెట్టుకింద పడుకున్నాడు."

ముసలాడికి ఆ కల్లు పోసింది చిట్టెనే. అయినా కొమ్మన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. బల్లి పలకలేదు.

"మళ్ళీనా! వాడి దుంప తెగ!" కావలివాడు నవ్వాడు. అంతలోనే చిట్టెన వైపు తిరిగాడు. "నువ్వెందుకురా అట్లా వణుకుతున్నావు?"

"భయంగా ఉంది దొరా," అన్నాడు చిట్టెన.

కావలివాడు తల పైకెత్తి బల్లిని చూశాడు. అది కన్ను మూసుకుంది. "ఉండాల్సిందే, భయం ఉండాల్సిందే," అంటూ అతను సంతోషంగా గడియ తీశాడు. ఏనుగు చెవుల్లాంటి తలుపులు రెండూ విచ్చుకున్నాయి.

బండి లోపలికి కదిలింది.

మేఘశిల రాజ్యానికి జంటకొండల కనుమ వాకిలి. ఆ కనుమ కాసే సైన్యంలో ఒక ఆచారం ఉంది. పోరులో చనిపోయినవాడి పేరును వాళ్ళు తీసివేయరు. ప్రతి ఉదయం జెండా కింద దళవాయి అందరి పేర్లూ పిలుస్తాడు. బతికున్నవాడు తన పేరుకు తాను "ఉన్నాను" అంటాడు. లేనివాడి పేరుకు అతని తల్లో, కొడుకో, పక్కన నిలబడి పోరాడినవాడో "ఉన్నాను" అంటారు. ఏ పేరూ జవాబు లేకుండా మిగలకూడదు. ఆ పేర్లు కనుమలో అందరికీ నోటికి వచ్చు.

చాలా ఏళ్ళ కిందట గరుడదళం నల్లవాగు దాటి శత్రువు మీదికి వెళ్ళింది. ఒక్కరూ తిరిగి రాలేదు. ఒక్క శవమూ దొరకలేదు. ఆ దళంలో కొమ్మన తండ్రి నూకన ఉన్నాడు. అప్పటి నుంచి నూకన పేరుకు కొమ్మనే పలుకుతున్నాడు. పెరిగి తానూ ఈటె పట్టాక తండ్రి నిలబడిన చోటనే నిలబడి, రోజూ రెండుసార్లు "ఉన్నాను" అంటున్నాడు.

ఈ మధ్యనే కనుమ దగ్గర భస్మనేత్రుడి నల్లసైనికుడు ఒకడు కొండ మీది నుంచి పడి చనిపోయాడు. వాడి ఇనుప ముసుగు కోసి చూస్తే కనుపాపలు లేని తెల్లటి కళ్ళు. భుజం మీద గరుడ పచ్చబొట్టు. గుహలో ఉండే యోగిని ఆ శవాన్ని చూసి చెప్పింది: "మీవాళ్ళు చావలేదు నాయనా. మాంత్రికుడు రోజూ సాయంత్రం వాళ్ళ నుదుట మంత్రపు బూడిద పూసి పేర్లు మరిపిస్తున్నాడు. పేరు మరిచినవాడికి ఊరు లేదు, తల్లి లేదు. ఎవరు తోలితే అటు పోతాడు. వెళ్ళి పిలు. పిలిస్తే వాడే పలకాలి, ఇంకొకరు పలికితే లెక్కలోకి రాదు. మూడు పిలుపులకూ పలకకపోతే ఆ పేరు గాలిలో కలిసిపోతుంది."

రేపు తెల్లవారితే భస్మనేత్రుడు ఆ పేరులేని సైన్యాన్నే కనుమ మీదికి తోలబోతున్నాడు. అప్పుడు మేఘశిల బాణాలు మేఘశిల గుండెల్లోనే దిగుతాయి. పైకి చెప్పుకోకపోయినా కొమ్మన భయం ఇంకొకటి. ఆ బాణాల్లో తనది కూడా ఒకటి ఉంటుంది.

కోట నడిబొడ్డున పెద్ద ఆవరణ. నేలంతా నున్నటి నల్లరాయి. దాని మీద ఇనుప ముసుగులు తొడుక్కున్న సైనికులు వరుసలు వరుసలుగా నిలబడి ఉన్నారు. నుదురు, కళ్ళ దగ్గర మాత్రం ముసుగుకు చిన్న కిటికీ, నుదుట బూడిద బొట్టు. వాళ్ళు ఎండను పట్టించుకోవడం లేదు. ఈగలు కళ్ళ మీద వాలినా రెప్ప వేయడం లేదు.

భస్మనేత్రుడి బలమంతా నీడల్లో ఉంది. మిట్టమధ్యాహ్నం నీడలు కాళ్ళ కింద దాక్కునే కాసేపు అతను నేలమాళిగలో నిద్రపోతాడు. నీడ వేలెడు పొడవు సాగిందంటే లేస్తాడు.

కొమ్మన బండి మీదికెక్కాడు. ఎదుట ఉన్న ముసుగులన్నీ ఒకేలా ఉన్నాయి. తండ్రి ఎవరో తెలియలేదు. గొంతు సవరించుకుని మొదటి పేరు పిలిచాడు.

"బొల్లనా..."

ఎవరూ కదల్లేదు.

"అట్లా బతిమాలితే ఎవడు పలుకుతాడు బావా?" అన్నాడు చిట్టెన కింది నుంచి. "అత్తారింటికి పోయి మంచినీళ్ళు అడిగినట్టుంది. మన దళవాయి తిట్టినట్టు పిలు!"

ఆ మాట నిజమేనని కొమ్మనకు తోచింది. సైనికుడికి లాలన గుర్తుండకపోవచ్చు, ఆజ్ఞ గుర్తుంటుంది. అతను ఛాతీ నిండా గాలి పీల్చి, ఆవరణ మారుమోగేలా అరిచాడు.

"గరుడదళం! వరుస!"

మడమలన్నీ ఒక్కసారిగా రాతిమీద ఠప్పుమన్నాయి.

"బొల్లన!"

రెండో వరుసలోంచి, ఏళ్ళ తరబడి తెరవని తలుపు కిర్రుమన్నట్టు ఒక గొంతు.

"ఉన్నాను."

ఆ సైనికుడి నుదుటి బూడిద పెచ్చుగా ఊడి నేల రాలింది. తెల్లటి కళ్ళలో నల్లటి పాపలు తేలాయి. అతను తన చేతులను తిప్పి చూసుకున్నాడు.

"వరుస కదలొద్దు!" అని కేకేశాడు కొమ్మన. ఆగితే తనకే మాట రాదని అతనికి తెలుసు. "మాచన!" "ఉన్నాను." "గన్నమ!" "ఉన్నాను." బూడిద పెచ్చులు రాలుతున్నాయి. కళ్ళు తెరుచుకుంటున్నాయి. కొన్ని పేర్లకు మాత్రం మూడు పిలుపులకూ జవాబు లేదు. దళవాయి ఒక్కగానొక్క కొడుకు అక్కన పేరు వాటిలో ఒకటి. కొమ్మన మూడోసారి పిలిచి, ఆగి, తర్వాతి పేరుకు వెళ్ళాడు.

"నూకన!"

"ఉన్నాను!"

జవాబు వెంటనే వచ్చింది. అది కొమ్మన నోటి నుంచే వచ్చింది.

మూడో వరుస చివర ఒక తల కాస్త పైకి లేచినట్టు లేచి మళ్ళీ వాలిపోయింది.

"బావా! నువ్వు పలుకుతావేమిటి?" అని చిట్టెన జుట్టు పీక్కున్నాడు.

"నేను... అలవాటు..."

"నీ అలవాటు తగలెయ్య! మళ్ళీ పిలు!"

కొమ్మన పళ్ళు బిగించాడు. బండి పక్కన పడిన నీడను చూశాడు. అది అప్పుడే చక్రం అంచు దాటింది.

"నూకన!"

పళ్ళు బిగించినా లాభం లేకపోయింది. ఊహ తెలిసిన నాటి నుంచి ఆ పేరు చెవిన పడితే ఆ నోరు ఆగి ఎరగదు. "ఉన్నా—" అనే సగం మాట దూకి వచ్చింది, సగాన్ని మింగాడు. అంతకే ఆ పిలుపు కూడా చెల్లిపోయింది. మూడో వరుస చివరి తల ఈసారి లేవనేలేదు.

ఇక మిగిలింది ఒక్క పిలుపు.

నేల అడుగున ఏదో దొర్లినట్టు చప్పుడైంది. చిట్టెన నేలకు చెవి ఆనించి, "లేస్తున్నాడు," అన్నాడు. ఈసారి అతని మాటలో హాస్యం లేదు.

కొమ్మన వంగి బండిలోంచి రెండు చేతులా బూడిద తీసుకున్నాడు. తల ఎత్తి, తనకున్న గొంతంతా పెట్టి పిలిచాడు.

"నూకన!"

పిలిచిన మరుక్షణం ఆ బూడిదనంతా నోట్లో కుక్కుకున్నాడు. అది ముసలాడి బండిలో తాము నింపుకొచ్చిన, తమ ఊరి పొయ్యిల్లో కాలిన బూడిద. చిన్నప్పుడు పళ్ళు తోముకున్న కచ్చిక రుచి నాలుకకు తగిలింది. గొంతు పొలమారింది. కళ్ళు నీళ్ళతో నిండాయి. అయినా రెండు అరచేతులూ నోటికి అదిమిపట్టి నిలబడ్డాడు.

ఆ పేరుకు జవాబు లేకుండా గడిచిన మొదటి క్షణం అది. తండ్రి ఇప్పుడే చనిపోతున్నట్టు అనిపించింది కొమ్మనకు. చేతులు తీసి ఒక్క మాట అనేస్తే ఆ బాధ పోతుంది. అతను చేతులు తీయలేదు.

మూడో వరుస చివర, ఎడమ భుజం కొంచెం వాలిన ఒక సైనికుడు తల ఎత్తాడు. తాను ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువును ఎవరో వెతికి తెచ్చి ఇచ్చినట్టు, అనుమానంగా అన్నాడు:

"ఉన్నాను."

ఆపై, పాత సైనికుడి అలవాటుగా, "దొరా," అని చేర్చాడు.

కొమ్మన బండి మీద అట్లాగే కూలబడ్డాడు. చిట్టెన పైకెక్కి అతని వీపు మీద దబదబా చరిచాడు.

"ముందు ఉమ్మెయ్యి బావా. ఉమ్మేసి ఏడువు."

ఏడవడానికి వ్యవధి లేదు. ఆవరణ మధ్య రాయి రెండుగా పగిలింది. పగుల్లోంచి పొగస్తంభం లేచింది. అందులోంచి తాటిచెట్టంత మనిషి, కళ్ళగుంటల్లో గిర్రున తిరిగే బూడిదతో పైకి వచ్చాడు.

"నా కోటలో పేరు పలికిందెవరు?" భస్మనేత్రుడి గొంతుకు కెంపులు గోడల్లోంచి ఊడిపడ్డాయి.

"ద్వారం వైపు!" అని అరిచాడు కొమ్మన. గరుడదళం కదిలింది. పేరు తెలియగానే కాళ్ళకు దారి కూడా తెలిసింది. బొల్లన ముందు నడిచాడు. నీడలు నల్లత్రాచుల్లా లేచి కాళ్ళను చుట్టుకోబోతే ఈటెలతో కొట్టుకుంటూ పరుగెత్తారు. చిట్టెన బండిని జోరుగా దొర్లించుకుంటూ పోయి, పొగస్తంభంలోంచి పుట్టి ఎదురొచ్చిన పొగపిశాచాల మీదికి బోర్లించాడు. వాటికి దగ్గు వచ్చింది. పిశాచాలు దగ్గడం అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ద్వారం మూసి ఉంది. కావలివాడు గడియకు వీపు ఆనించి నిలబడ్డాడు. "నేను మిమ్మల్ని పోనివ్వ..." అనబోయి, తల ఎత్తి బల్లిని చూసి, తన మాట నిజమో కాదో తనకే తెలియక, ఈటె పారేసి పక్క సందులోంచి పారిపోయాడు.

దళం గడియ ఎత్తుతుండగా భస్మనేత్రుడు వెనుక నుంచి వచ్చేశాడు. బెదిరింపుతో పని కాదనుకున్నాడేమో, గొంతులో తేనె పోసుకున్నాడు.

"ఆగండి నాయనలారా! నేను మీకేమీ కీడు చేయను. మీ ఊరికి నేనే పంపిస్తాను."

కంచు బల్లి రెండు కళ్ళూ తెరిచి, "టిక్... టిక్... టిక్..." అంది.

దానికి యజమాని ఎవరైతేనేం? భస్మనేత్రుడు చాచిన కుడిచేయి వేళ్ళ దగ్గర నుంచి భుజం దాకా బూడిదై రాలిపోయింది. అతను ఏదో మంత్రం గొణిగి మిగతా శరీరాన్ని దక్కించుకున్నాడు. అతని కేకకు కందకంలోని పొగ అలలుగా లేచింది. ఆ పొగలోంచే గరుడదళం బయటపడింది.

కోట కింది పల్లం దాటి, ఉయ్యాల వంతెన దాటి, దాటిన వంతెన తాళ్ళు కోసి, నల్లవాగు అడ్డంగా ఈది, వాళ్ళు జంటకొండల కనుమ చేరేసరికి పొద్దు వాలుతోంది. దారిలో నూకన ఒక్కసారి కొమ్మన పక్కకు వచ్చాడు.

"నువ్వెవరి అబ్బాయివి?"

"నీ కొడుకునే నాన్నా. కొమ్మనను."

నూకన అతన్ని కింది నుంచి పై దాకా చూశాడు. ఏదో అడగబోయాడు. "పొడుగయ్యావు," అని మాత్రం అన్నాడు. తర్వాత ఇద్దరూ పరుగెత్తారు.

కనుమ గోడ మీద విల్లులు వరుసగా లేచాయి. ఇనుప ముసుగులు మెడల దగ్గర మేకులతో బిగించి ఉన్నాయి. దారిలో ఊడదీసే వీలు లేకపోయింది. గోడ మీదివాళ్ళకు కనిపిస్తున్నది భస్మనేత్రుడి నల్లసైన్యమే. గోడ మీద నిలబడిన దళవాయి సోమిదేవుడు చేయి ఎత్తాడు. నెరిసిన గడ్డం, ఇనుపకడ్డీ లాంటి మనిషి.

"దళవాయిగారూ! నేను కొమ్మనను! వీళ్ళు మనవాళ్ళు, గరుడదళం!"

"మాయలు చాలా చూశాం. నీకు కొమ్మన వేషం వేయడం నీ గురువుకు పెద్ద పనా?"

"నేను చిట్టెనను దొరా!" అని గావుకేక పెట్టాడు చిట్టెన. "ఈ మొహం వేషం వేసుకోవాలని ఎవడికి ఉంటుంది?"

గోడ మీద ఎవరో నవ్వి ఆపుకున్నారు. విల్లులు మాత్రం దిగలేదు.

"తలుపు తీయొద్దు," అన్నాడు కొమ్మన. "బాణాలూ దించొద్దు. పేర్లు పిలవండి. ఎప్పుడూ పిలిచినట్టే."

సోమిదేవుడు చాలాసేపు కిందికి చూశాడు. తర్వాత ఎత్తిన చేయి దించకుండానే, ఆజ్ఞ ఇచ్చే గొంతుతో పిలిచాడు.

"బొల్లన!"

"ఉన్నాను!" గోడ మీద నుంచి ఒక ముసలి గొంతు ఖంగున పలికింది. ఆమె బొల్లన తల్లి గవరమ్మ. కొడుకు పోయిన నాటి నుంచి గోడ మీదివాళ్ళకు గంజి కాచి పోస్తూ రోజూ ఆ పేరుకు పలుకుతోంది.

"ఉన్నాను!" అని కింది నుంచి ఇంకొక గొంతు.

గవరమ్మకు కోపం వచ్చింది. గంజి గరిటెతోనే గోడ అంచుకు వచ్చి కిందికి వంగింది. "ఎవడ్రా అది? నా కొడుకు పేరుకు నేను పలికితే మధ్యలో నువ్వెవడివి?"

"బొల్లడినే అమ్మా."

"అబద్ధం! మా బొల్లడు 'ఉన్నాను' అనమంటే ఒక్కనాడూ సరిగ్గా అనలేదు. ఆవులిస్తూ అనేవాడు. దళవాయి చేత తిట్లు తినేవాడు."

"ఇప్పుడు నిద్ర తీరిందమ్మా. చానా ఏళ్ళు పడుకున్నాను," అన్నాడు బొల్లన. "ఇంక నువ్వు పలకనక్కర్లేదు. గంజి ఉందా?"

గవరమ్మ చేతిలోని గరిటె గోడ మీది నుంచి జారి కిందపడింది. పక్కనున్న విలుకాడి విల్లును తన చేత్తోనే కిందికి వంచింది.

సోమిదేవుడు పిలుస్తూ పోయాడు. ఒక్కొక్క పేరుకు రెండు జవాబులు వచ్చాయి, ఒకటి పై నుంచి, ఒకటి కింది నుంచి. ఎవరి చెల్లెలో పకపకా నవ్వింది. ఎవరి కొడుకో గోడ దిగి పరుగెత్తబోతే పట్టుకోవలసి వచ్చింది. విల్లులన్నీ దిగిపోయాయి.

"అక్కన!" అని పిలిచాడు దళవాయి.

కింద ఎవరూ పలకలేదు. కొమ్మన తల వంచుకున్నాడు. సోమిదేవుడు ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపు ఆగాడు.

"ఉన్నాను," అని తానే పలికాడు. గొంతు మారలేదు. తర్వాతి పేరు పిలిచాడు. పేర్లన్నీ అయ్యాక, "తలుపులు తీయండి," అన్నాడు.

కమ్మరులు ముసుగుల మేకులు కోస్తుంటే, తల్లులు ముఖాలు తడుముతుంటే, పడమటి కొండ వెనక్కి సూర్యుడు జారాడు. కొండల నీడలు పొడవుగా సాగి కనుమ వైపు రాసాగాయి. సూర్యుడు పూర్తిగా కుంగినా అవి ఆగలేదు. ముందున్న నీడ లేచి నిలబడింది. దానికి కుడిచేయి లేదు. దాని వెనుక ప్రతి బండనీడా, ప్రతి చెట్టునీడా ఒక్కొక్క ఆయుధం పట్టుకుని లేచాయి.

"వరుస!" అన్నాడు సోమిదేవుడు.

కొమ్మన పరుగున పోయి తన చోట నిలబడ్డాడు. నూకన కూడా అక్కడికే వచ్చాడు. ముసుగు తీసిన అతని ముఖం మీద ఇనుము ఒరుసుకున్న గీతలున్నాయి. కాళ్ళ కింది రాతిని చూసుకున్నాడు. ఒకరు నిలబడి నిలబడి అరిగిన చోట అది.

"ఇది నా చోటు," అన్నాడు.

"తెలుసు నాన్నా."

"కాస్త జరుగు."

కొమ్మన జరిగాడు. ఒకరు నిలబడేచోట ఇద్దరూ భుజం ఆనించి నిలబడ్డారు. వెనుక నుంచి చిట్టెన, "బావా, నీ నోట్లో ఇంకా బూడిద ఉంది, పెద్దాయన మీద ఉమ్మేవు," అన్నాడు.

నీడలు కనుమ గుమ్మం మెట్టు తాకాయి.

"నూకన!" అని పిలిచాడు దళవాయి.

కొమ్మన నోరు తెరుచుకుంది. అతను దాన్ని మూసుకున్నాడు.

"ఉన్నాను," అన్నాడు పక్కనున్న మనిషి.

"కొమ్మన!"

"ఉన్నాను!"

ఈ పిలుపులో అతను ఒక్కసారే పలికాడు. పలుకుతూనే ఈటె ముందుకు దించాడు. మొదటి నీడ మెట్టెక్కింది.